చార్టులో 6/6, చివరి మెట్టు దగ్గర తడబాటు: పార్కిన్సన్స్‌లో చూపునూ ఆలోచననూ ఇంట్లో కొలవడం

ఇంట్లో ఆయనను చూసుకునేవాళ్లు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ప్రొద్దుటూరులో ఉండే 67 ఏళ్ల నాయనకు ఆరేళ్లుగా పార్కిన్సన్స్. సిండోపా, ప్యాసిటేన్, ప్రమిపెక్సోల్ వాడుతున్నారు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, చార్టు మీద 6/6 వచ్చింది. అయినా పేపర్ చదవలేకపోతున్నారు, దిగేటప్పుడు చివరి మెట్టు తప్పుతున్నారు, పొద్దుగూకినాక దండెం మీది పంచెను చూసి ఎవరో పిల్లోడు కూర్చున్నాడంటున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు కళ్లకు తగిలించుకుంటే కల్పిత లోకాన్ని చూపించే వీఆర్ హెడ్‌సెట్టూ, మెదడుకు పదును పెట్టే ఆటల యాపూ కొనిద్దామనుకుంటున్నారు. కొనొచ్చా? టీవీఎస్ ఎక్సెల్ బండి మీద తోటకు పోనివ్వొచ్చా?

హెడ్‌సెట్ ఇప్పుడే కొనకండి. మూడు బాధలకూ జబ్బు ఒకటే కావచ్చు గానీ కారణాలు వేరు. పేపర్ చదవలేకపోవడం కంటి కండరాల వల్లో, కంట్లో తడి చాలకో కావచ్చు. మెట్టు తప్పడం వెనక కాంట్రాస్టూ, అంటే పక్కపక్క రంగుల తేడా పట్టే శక్తి తగ్గడమూ, కళ్లద్దాలూ ఉండొచ్చు. పంచెలో పిల్లోడు మెదడు పనో, మాత్రల పనో. ఏది ఎంతో తేలకముందు తెచ్చిన యంత్రం నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది.

6/6 అంటే తెల్లటి అట్ట మీది నల్లటి అక్షరాన్ని, వెలుతురు బాగున్న గదిలో, ఆరు మీటర్ల నుంచి చదివారని. ఇంట్లో అంత నలుపు తెలుపు ఎక్కడుంటుంది? మన పక్క మెట్లు కడప బండలు. పై మెట్టుదీ కింది మెట్టుదీ ఒకే రంగు, అంచు దగ్గర సన్నటి నీడ తప్ప గుర్తేమీ ఉండదు. ఆ నీడను పట్టుకునే శక్తినే కాంట్రాస్ట్ సెన్సిటివిటీ అంటారు. పార్కిన్సన్స్‌లో మెదడులో తగ్గిపోయే రసాయనం డోపమైన్. కంటి వెనక తెర అయిన రెటీనాలో కూడా దాన్ని విడుదల చేసే కణాలున్నాయి, అవీ దెబ్బతింటాయి. అందుకే అక్షరాన్ని చిన్నది చేసి చూపిస్తే చదివే మనిషి, దాన్నే వెలిసిపోయినట్టు చేసి చూపిస్తే ఆగిపోతాడు. తెల్ల పింగాణీ ప్లేటులో పెరుగన్నం అంచున మిగిలిపోతుందేమో గమనించండి. అదే ప్లేటులో రాగిసంగటి పెడితే మిగలదు. ఆకలిలో తేడా లేదు, రంగులో ఉంది.

దీన్ని కొలిచే పాత, నమ్మకమైన సాధనం 1988లో వచ్చిన పెల్లీ-రాబ్‌సన్ చార్టు. అక్షరాలన్నీ ఒకే సైజు, 4.9 సెంటీమీటర్ల ఎత్తు. మూడేసి అక్షరాలకు ఒకసారి మసకబారుతూ పోతాయి. ఒక మీటరు దూరం నుంచి చదివించాలి. ఒక్కో అక్షరానికి 0.05 మార్కు, అంటే మూడక్షరాల గుంపుకు 0.15. స్కోరు 1.5 కంటే తగ్గితే లోపం ఉన్నట్టు, 1.0 కంటే తగ్గితే రోజువారీ పనులకు గట్టిగా అడ్డం పడుతున్నట్టు లెక్క. ఇంగ్లిష్ అక్షరాలు రానివాళ్లకు ‘E’ ఆకారాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి చూపించే రకం వాడాలి, కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. తెలుగు అక్షరాలతో సొంతంగా చార్టు చేసుకోకండి. ‘ర’కూ ‘ఠ’కూ కనబడటంలో ఉండే తేడా ‘E’ని తిప్పితే ఉండదు, మార్కులు పోల్చుకోవడానికి పనికిరావు.

ట్యాబ్లెట్‌లో ఇదే పరీక్ష చేసే యాప్‌లున్నాయి. ఫోన్ స్క్రీను మీద అంత పెద్ద అక్షరాలు వరసగా పట్టవు, కనీసం పది అంగుళాల ట్యాబ్ ఉండాలి. ఎక్కువగా పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఆటో బ్రైట్‌నెస్, రాత్రిపూట స్క్రీనును పసుపు చేసే సెట్టింగు, బ్యాటరీ సేవర్ మూడూ తీసేయాలి. ఇవి ఉన్నంతసేపు పొద్దునా సాయంత్రమూ ఒకే మనిషికి వేర్వేరు మార్కులు వస్తాయి, కొడుకేమో జబ్బు ముదిరిందని బెంగళూరు నుంచి కంగారుపడతాడు. బ్రైట్‌నెస్ గీత ఎక్కడుందో ఒకసారి ఫొటో తీసిపెట్టుకుని ప్రతిసారీ అక్కడే పెట్టండి. కిటికీ వెలుతురు స్క్రీను మీద మెరవకూడదు. స్కేలు పెట్టి అక్షరం ఎత్తు కొలవండి, యాప్ చెప్పిన కొలత రాకపోతే ఆ యాప్ ఆ ట్యాబ్‌కు సరిపడలేదన్నమాట.

స్క్రీన్లలో బూడిద రంగు మెట్లు 256 మాత్రమే, అందువల్ల ఈ పరీక్షలు చెల్లవు అనే మాట వింటుంటాం. అందులో సగమే నిజం. తెలుపు నుంచి ఒక మెట్టు దిగితే వెలుగు దాదాపు 0.9 శాతం తగ్గుతుంది, రెండు దిగితే 1.7, మూడు దిగితే 2.6 శాతం. చూపు బాగున్న కుర్రవాడి హద్దు ఆ 1.7 దగ్గరే ఉంటుంది కాబట్టి వాడికి ఈ కొలత మొరటుగా వస్తుంది. మీ నాయన లాంటివారి హద్దు 4, 5 శాతం దగ్గర ఉండొచ్చు, అక్కడికి మెట్లు సరిపడా ఉన్నాయి. అసలు దొంగ ఆటో బ్రైట్‌నెస్సే.

ఏ పరీక్షకైనా ముందు మాత్ర వేసుకున్న టైము రాయండి. సిండోపాలో ఉండే లెవోడోపా పని మొదలవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అన్నంతో, పప్పుతో కలిపి మింగితే ఇంకా ఆలస్యం, అందుకే తిండికి అరగంట ముందు వేసుకోమంటారు. మాత్ర వేసిన గంటకు ఒకసారి, తర్వాతి మాత్రకు పది నిమిషాల ముందు ఇంకోసారి కొలిచి రెండూ పక్కపక్కన రాయండి. కాంట్రాస్టూ రెండు కళ్ల చూపును ఒకచోటికి తెచ్చే శక్తీ కొందరిలో మాత్ర పనిచేసే వేళ మెరుగ్గా ఉంటాయి. ఆ తేడా కనబడితే డాక్టరు ముందు మోతాదు వేళల గురించి ఆలోచిస్తారు, కళ్లద్దాలు ఆ తర్వాత.

పేపర్ సంగతి. చదివేటప్పుడు ఒక కన్ను అరచేత్తో మూయమనండి. అక్షరాలు రెండుగా కనబడటం ఆగిపోతే రెండు కళ్లు కలవడం లేదని అర్థం. ఒక కన్ను మూసినా రెండుగానే ఉంటే కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాలోనో, కళ్లద్దాల్లోనో, ఆపరేషన్‌లో పెట్టిన లెన్స్ వెనక పొరలోనో తప్పుంది, కంటి డాక్టరు దగ్గరికే పోవాలి. మొదటిదైతే పెన్సిల్ మొనను ముక్కు వైపు మెల్లగా తెస్తూ, అది రెండుగా మారే చోట స్కేలు పెట్టండి. 10 సెంటీమీటర్ల కంటే దూరంలోనే చీలిపోతుంటే కన్వర్జెన్స్, అంటే రెండు కళ్లూ లోపలికి తిరిగి ఒకచోట కలిసే శక్తి, చాలడం లేదు. దీనికి చదివే కళ్లద్దాల్లో, దళసరి వైపు ముక్కు దగ్గరికి వచ్చేలా ప్రిజం (వెలుగును పక్కకు వంచే గాజు) పెడతారు. ఈ మాట కళ్లద్దాల షాపులో చెబితే సరిపోదు, ఆప్టోమెట్రిస్టు కొలిచి రాయాలి. పెన్సిల్ కసరత్తులు చేయించే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. పార్కిన్సన్స్‌లో వాటి మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

చదువుతుండగా అక్షరాలు మసకబారి, రెప్ప కొడితే తేటపడుతుంటే అది ఎండిన కన్ను. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప కొడతాం, పార్కిన్సన్స్‌లో ఇది బాగా తగ్గుతుంది. ఫోన్‌ను స్టాండుకు పెట్టి, ఆయన మీతో మాట్లాడుతుండగా రెండు నిమిషాలు ముఖం వీడియో తీయండి, తర్వాత నిదానంగా నడిపించి లెక్కపెట్టండి. టీవీ చూస్తుండగా తీస్తే లెక్క తప్పుతుంది, టీవీ ముందు ఎవరికైనా రెప్పలు తగ్గుతాయి. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకు నాలుగు సార్లు, ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా చూసుకోవడం, ఇంతే. ‘అద్దాలు మార్చినా చదవలేకపోతున్నాం’ అనే బాధ వెనక తరచూ ఉండేది ఈ చిన్న విషయం.

మాత్రల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ట్రైహెక్సీఫెనిడిల్, అంటే ఆయన చీటీలోని ప్యాసిటేన్, వణుకుకు వాడే పాత మందు. దగ్గరి చూపును మసకబారుస్తుంది, మతిమరుపు పెంచుతుంది, లేనివి కనబడేలా చేస్తుంది. ఇరుకు కోణం గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్న కంటికి ప్రమాదం కూడా. వయసు మీరినవాళ్లలో దీన్ని తగ్గించడానికే న్యూరాలజిస్టులు మొగ్గుతారు. ఆయన చీటీలో అది ఎన్నేళ్లుగా సాగుతోందో అడగండి. మీరై మీరు ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే బిగుతు పెరిగి మంచం పట్టే ప్రమాదముంది, మెల్లగా దించాలి. ఇంకొకటి, తల తిరుగుతోందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెమిటిల్, సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్. ఇవన్నీ డోపమైన్‌కు అడ్డం పడి పార్కిన్సన్స్‌ను పెంచేవే. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక చాప మీద పోసి ఫొటో తీయండి. ఏ యాప్ కంటే ముందు ఆ ఫొటో పనికొస్తుంది.

పంచెలో పిల్లోడు కనబడటాన్ని పారిడోలియా అంటారు, ఉన్న వస్తువులో లేని రూపం చూడటం. అసలు ఏమీ లేనిచోట మనిషి కనబడటం వేరు, ఇంకో మెట్టు పైన. దీన్ని కొలవడానికి ఆకులు, మబ్బులు, గోడ మరకల ఫొటోలు చూపించి ‘ఏమైనా ముఖం కనబడుతోందా’ అని అడిగే పరీక్షలున్నాయి. లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు పిల్లి, కుక్క బొమ్మలను వంకర తిప్పి, ఏది ఏదో ఎంత వంకర వరకు గుర్తుపడతారో చూసే కంప్యూటర్ పరీక్ష తయారుచేశారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు తక్కువ వంకరకే తడబడ్డారు. ఇంట్లో మీరు చేయాల్సింది తేలిక. ‘అది పంచె నాయనా, పోయి ముట్టుకో’ అని చెబితే ఒప్పుకుంటున్నారా, లేక ‘లేదు, ఉన్నాడు’ అని పట్టుబడుతున్నారా? ఒప్పుకున్నంతవరకు తొందరేమీ లేదు. దండెం మార్చండి, పొద్దు వాలకముందే లైటు వేయండి. పట్టుబడుతుంటే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. రెండు మూడు రోజుల్లోనే మొదలై, మాట తడబడి, రాత్రి పగలు తేడా పోయిందంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం ముందు చూడాలి. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఇది మామూలే. పిచ్చి పట్టిందని మానసిక జబ్బులకు వాడే హాలోపెరిడాల్ ఇప్పించకండి, ఒళ్లు కొయ్యబారుతుంది. అవసరమైతే డాక్టర్లు క్వెటియాపిన్, క్లోజపిన్ లాంటివి ఎంచుకుంటారు. మతిమరుపు ముదిరితే రివాస్టిగ్మిన్ ఉంది.

ఆలోచన కొలిచే పరీక్షల్లో పార్కిన్సన్స్‌కు ఎక్కువగా వాడేది మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్). 30 మార్కులు, 26 కంటే తగ్గితే ఇంకా లోతుగా చూడాలని సంకేతం, అంతేగాని డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) అని తీర్పు కాదు. పన్నెండేళ్లు లేదా అంతకంటే తక్కువ చదువుకున్నవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. తెలుగులోనూ ఉంది. బడికి పోనివాళ్ల కోసం మోకా-బేసిక్ అని వేరే రూపం ఉంది. పార్కిన్సన్స్‌లో మొదట దెబ్బతినేది జ్ఞాపకం కంటే ఎక్కువగా పనిని వరసలో పెట్టుకోవడం, బొమ్మను అర్థం చేసుకోవడం. ఘనం గీయమంటే, గడియారం వేయమంటే చెయ్యి వణికి గీత చెదిరిందా, లేక అంకెలు ఒకే పక్కకు కుప్పపడ్డాయా అని వేరు చేసి చూడాలి. మొదటిది చేతిది, రెండోది మెదడుది. చదివే అద్దాలు పెట్టుకోకుండా ఈ పరీక్ష రాయించడం వృథా. అదే కాగితం మూడు నెలలకోసారి రాయిస్తే జవాబులు బట్టీ పడతాయి, వేరే రూపాలున్నాయి, ఆరు నెలలకోసారి చాలు.

ట్యాబ్ మీద చేసే ఆలోచన పరీక్షల్లో అసలు చిక్కు వేగం. చుక్క కనబడగానే నొక్కమంటే ఆలస్యంగా నొక్కారనుకోండి, ఆలోచన నెమ్మదించిందా, వేలు నెమ్మదించిందా? రెండు పరీక్షలు పెట్టి తీసివేయాలి. మొదట ఏది కనబడినా నొక్కడం, తర్వాత గుండ్రమైతే నొక్కడం, చదరమైతే ఊరుకోవడం. రెండో టైములోంచి మొదటిది తీసేస్తే మిగిలేది దాదాపుగా ఆలోచన టైము. ఎరుపు, పచ్చ అని రంగులతో పెట్టకండి, రంగుల తేడా పట్టడం కూడా ఈ జబ్బులో తగ్గుతుంది. టచ్ స్క్రీన్ స్పందించే ఆలస్యం ఒక్కో ట్యాబ్‌కు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ అదే ట్యాబ్. వణికే వేలు ఒకసారి నొక్కితే మూడుసార్లు పడుతుంది. శాంసంగ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీ కింద పదేపదే పడే టచ్‌లను లెక్కచేయకుండా చేసే సెట్టింగు ఉంది, దాన్ని ముందే పెట్టండి.

ఫోన్ కెమెరాతో కంటి కదలికలు కొలుస్తామనే యాప్‌ల గురించి రెండు మాటలు. చదివేటప్పుడు కన్ను ఒక మాట నుంచి ఇంకో మాటకు దూకడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరా 33 మిల్లీసెకన్లకు ఒక బొమ్మ తీస్తుంది. ఆ దూకడం మొత్తం ఒక్క బొమ్మలో అయిపోతే వేగం ఏం కొలుస్తుంది? ఆసుపత్రి యంత్రాలు సెకనుకు 250 నుంచి 1000 సార్లు కొలుస్తాయి. చుక్కకు ఎదురు దిక్కున చూడమంటే ఎన్నిసార్లు చుక్క వైపే చూశారన్నది మాత్రం ఫోన్‌తోనూ లెక్కపెట్టొచ్చు, అది పనికొచ్చే అంకె. శుక్లాల ఆపరేషన్ అయిన కంట్లో పెట్టిన లెన్స్ నుంచి వచ్చే మెరుపు కొన్ని యంత్రాలను తికమకపెడుతుంది, పరీక్షకు ముందు ఆపరేషన్ అయిందని చెప్పండి.

ఇక బాగుచేసే పనులు. ముందు కళ్లద్దాలు చూడండి. ఆపరేషన్ తర్వాత రెండు చూపులకూ కలిపి బైఫోకల్ ఇచ్చి ఉంటే, మెట్టు దిగేటప్పుడు కిందికి చూసే చూపు దగ్గరి గాజులోంచి పోతుంది, మెట్టు అలుక్కుపోతుంది. ‘చివరి మెట్టు’ తప్పడానికి ఇదొక్కటే చాలు. నడకకు ఒక జత, చదవడానికి ఒక జత.

మెట్ల అంచులకు 5 సెంటీమీటర్ల వెడల్పున పసుపు రంగు టేపు, జారనిది, మెరవనిది. చివరి మెట్టు కింద నేల మీద కూడా ఒక పట్టీ, లేకపోతే ఇంకో మెట్టుందనుకుని కాలు గాల్లో పెడతారు. కడప బండకు నూనె పట్టించి ఉంటే జిగురు వారానికే లేస్తుంది. సబ్బు నీళ్లతో రుద్ది, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి, మిట్టమధ్యాహ్నం బండ కాలుతున్నప్పుడు కాకుండా పొద్దున్నే అంటించండి. చివరలను గుండ్రంగా కత్తిరిస్తే తొందరగా లేవదు.

గడప దగ్గర, బాత్‌రూమ్ ముందర కాళ్లు నేలకు అతుక్కుపోయే బాధ ఉంటే అక్కడా అడ్డగీతలు పనిచేస్తాయి. ఆయన బాగా నడిచే వేళ పది అడుగులు వేయించి దూరం కొలిచి పదితో భాగించండి, అదే గీతకూ గీతకూ మధ్య దూరం. సాధారణంగా 45 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఐదారు గీతలు చాలు. లేజర్ గీత వేసే చేతికర్రలు దొరుకుతాయి, కొనేటట్టయితే ఆకుపచ్చ లేజర్. నల్ల బండ మీద ఎర్ర గీత పగటిపూట కనబడదు. శబ్దంతో నడిపించడానికి తాళంలా టిక్కు టిక్కుమనే ఉచిత మెట్రోనోమ్ యాప్ చాలు. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి మొదట అంతే పెట్టండి, తర్వాత పది శాతం దాకా పెంచుకోవచ్చు. చిన్న చిన్న అడుగులతో ముందుకు పరిగెత్తే రకమైతే పెంచకూడదు, పది శాతం తగ్గించాలి.

వీఆర్ అమ్మేవాళ్లు 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనాన్ని చూపిస్తారు. అది మంచి అధ్యయనమే. పడిపోయే అలవాటున్న 302 మంది మీద చేశారు, వాళ్లలో పార్కిన్సన్స్ లేనివాళ్లూ ఉన్నారు. ట్రెడ్‌మిల్‌కు వీఆర్ కలిపిన గుంపులో ఆరు నెలలకు 11.9 సార్లు పడేవాళ్లు 6.0కు తగ్గారు, ఉత్త ట్రెడ్‌మిల్ గుంపులో 10.7 నుంచి 8.3కే. కానీ అక్కడ తలకు తగిలించుకున్నది ఏమీ లేదు. ఎదురుగా పెద్ద తెర, దాని మీద దాటాల్సిన అడ్డంకులు, పక్కన ఫిజియోథెరపిస్టు, వారానికి మూడుసార్లు చొప్పున ఆరు వారాలు. తలకు తగిలించే అర కిలో హెడ్‌సెట్ నేలనే మాయం చేస్తుంది. కన్వర్జెన్స్ తక్కువున్న కంటికి రెండుగా కనబడటం, వాంతి వచ్చినట్టుండటం ఎక్కువ. పంచెలో పిల్లోణ్ని చూస్తున్న మనిషికి లేని లోకం చూపించడం ఇప్పట్లో వద్దు. ఎప్పటికైనా వాడితే చేతులున్న కుర్చీలో కూర్చునే, పది నిమిషాలకు మించకుండా.

మెదడు ఆటల యాప్‌లకు చందా కట్టకండి. పార్కిన్సన్స్‌లో ఆలోచన శిక్షణ మీద 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో (వైద్య అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి తూచేది) ఏడు అధ్యయనాలు, 225 మంది ఉన్నారు. మొత్తం ఆలోచనా శక్తి మెరుగుపడిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఆటలు ఆడితే ఆ ఆటలో చురుకు వస్తుంది. కాబట్టి ఏ పని బాగుపడాలో ఆ పనినే అభ్యాసం చేయించండి. పాల లెక్క రాయడం, మాత్రల డబ్బా వారానికి సర్దడం, ఊరికే తిరగకుండా నడుస్తూ లెక్క చెప్పడం. రెండు పనులు ఒకేసారి చేయించేది మాత్రం మీరు పక్కనున్నప్పుడే.

చదవడానికి ఫోన్‌లో అక్షరాల సైజు పెంచి, హై కాంట్రాస్ట్ టెక్స్ట్ పెట్టండి. వరస తప్పుతుంటే నల్లటి అట్టలో ఒక వరస పట్టేంత సందు, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తున కోసి పేపర్ మీద జరుపుకుంటూ చదవమనండి. ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసి తెలుగు గొంతు దింపుకుంటే తెర మీది వార్త చదివి వినిపిస్తుంది. స్మార్ట్ ఫోన్ చేతికిచ్చేముందు ఒక జాగ్రత్త. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడేవాళ్లలో కొందరికి జూదం, కొనుగోళ్లు ఆపుకోలేని తత్వం వస్తుంది. అది ఆ మనిషి గుణం కాదు, మందు చేసే పని. బ్యాంకు యాప్‌లు మీ ఫోన్లోనే ఉంచుకోండి, పేకాట యాప్‌లు దించుకునే దారి మూసేయండి, అట్లాంటి లక్షణం కనబడితే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

చూపించుకోవడానికి కడపలో సర్కారు బోధనాసుపత్రి దగ్గర్లోనే ఉంది. కాంట్రాస్టూ ప్రిజమూ నిదానంగా చూసే లో విజన్ (తగ్గిన చూపు) విభాగం కావాలంటే హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, పార్కిన్సన్స్‌కూ ఆలోచనకూ కలిపి చూడాలంటే కొడుకున్న బెంగళూరులోనే నిమ్హాన్స్. పోయేటప్పుడు మాత్రల ఫొటో, మాత్ర పనిచేసే వేళా పనిచేయని వేళా తీసిన రెండు నడక వీడియోలు, టైములు రాసిన కాగితం చేతిలో ఉంచుకోండి.

బండి సంగతి. ఇప్పటికి వద్దు. మసకలో అంచు కనబడటం లేదు, బట్టలో మనిషి కనబడుతున్నాడు. దానికితోడు ప్రమిపెక్సోల్ కొందరికి చెప్పాపెట్టకుండా నిద్ర తెప్పిస్తుంది. ప్యాసిటేన్ తగ్గించి, కళ్లద్దాలు మార్చి, మూడు నెలలయ్యాక మళ్లీ కొలిచి న్యూరాలజిస్టును అడగండి. ఆయన సరే అన్నా మాత్ర పనిచేసే వేళలో, పట్టపగలు, తెలిసిన దారిలోనే. అందాకా ఆయన వెనక కూర్చుంటారు, బండి ఇంకెవరైనా తోలాలి.